బంతిని పంచుట నేర్పిన గురువు

సాయంకాలపు గంట మ్రోగినది. పుస్తకముల సంచులు గోడవారగా చేరినవి. జనగామలో గాని, మహబూబాబాదులో గాని, భూపాలపల్లిలో గాని పాఠశాల మైదానమునకు పోయి చూచినచో ఆ వేళ కబడ్డీ ఆట కానవచ్చును. నేలమీద గీతలు గీచి ఏడుగురొక ప్రక్కను, ఏడుగురొక ప్రక్కను నిలుతురు. ఒక బాలుడు కూత పెట్టుచు ఎదుటివారి బరిలోనికి దూకును. నలుగురు అతనిని చుట్టుముట్టి పట్టుకొందురు. కూత తెగును. ఆ బాలుడు ఒడలి దుమ్ము దులుపుకొని గీతకావల పోయి కూర్చుండును. అతడెంత బలవంతుడైనను, ఎంత నేర్పరియైనను ఇప్పుడతడు చేయగలిగినదేమియు లేదు. అతని జట్టువారు ఎదుటి జట్టులో నొకనిని ఓడించినగాని అతడు మరల బరిలో అడుగిడరాదు.

ఆటనుండి తొలగినవానిని ‘చచ్చినా’డనియు, తిరిగి వచ్చినవానిని ‘బ్రతికినా’డనియు పిల్లలు వాడుకగా అందురు. ఆ మాటలు నవ్వులాటకు అన్నవే యైనను వానిలో అర్థము లేకపోలేదు. చచ్చినవాడు తనంత తాను బ్రతుకలేడు, తోడివాడు బ్రతికింపవలెను. జట్టుగా ఆడు ఆటలన్నిటికిని ఇదియే మూలధర్మము.

ఈ ధర్మమే బాస్కెట్‌బాలు ఆటలో వేరొక రూపమున నున్నది. ఆ ఆటను కనిపెట్టినవాడొక ఉపాధ్యాయుడు. 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో అమెరికా దేశమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నెయిస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడుండెను. చలికాలములో విద్యార్థులు కప్పు క్రింద ఆడదగిన క్రొత్త ఆట నొకదానిని ఆయన ఆలోచింపవలసి వచ్చెను. బంతిని చేతబట్టి పరుగెత్తువానిపై తక్కినవారు పడి, వానిని నేల గూల్చు ఆటలు అప్పటికి అచట వాడుకలో నుండెను. గట్టినేలపై అట్లు పడినచో ఎముకలు విరుగును. అందుచే నెయిస్మిత్, బంతి చేతనున్నవాడు పరుగెత్తరాదని నియమము చేసెను. పరుగెత్తనివానిని పడగొట్టవలసిన పని లేదుకదా! ఆయన పది అడుగుల ఎత్తున రెండు పండ్లబుట్టలను కట్టించెను. 13 నియమములు వ్రాసెను. 18 మంది విద్యార్థులను రెండు జట్లుగా చేసి ఆడించెను.

బంతిని నేలకు కొట్టుచు ముందునకు సాగు పద్ధతి తరువాత వచ్చినది. నేడు జట్టునకు అయిదుగురు చొప్పున ఆడుచున్నారు. ఐనను బంతిని చేతబట్టి పరుగెత్తుట ఇప్పటికిని తప్పే. దెబ్బలు తగులకుండుటకై చేసిన ఆ నియమము మరియొక మేలు గూడ చేసినది. బంతి అందినవాడు ముందుగా తలయెత్తి, తన తోడివాడెచట నున్నాడో చూడవలసి వచ్చినది.

కాని నియమము తెలిసినంతమాత్రమున గుణము అలవడదు. బుట్టలో బంతి వేసినవానికి చప్పట్లు దక్కును. ఆ బంతిని అందించినవానిని పలువురు మరచిపోదురు. గోలు కొట్టినవానిని భుజములపై నెత్తుకొందురు. వెనుక నిలిచి ఎదుటివారి దాడి నాపినవానిని ఎవరును ఎత్తుకొనరు. కావున, బంతి చేతికి వచ్చినను, కాలికి వచ్చినను, దానిని తానే యుంచుకొనవలెనను ఆశ పిల్లలకు సహజముగా కలుగును. ఆ ఆశను మాన్పి, ఇచ్చుటలోని ఆనందమును చవిచూపువాడే నిజమైన శిక్షకుడు. అట్టి శిక్షకుడొకడు మన హైదరాబాదు నగరముననే యుండెను. ఆయన ఆట బాస్కెట్‌బాలు కాదు, ఫుట్‌బాలు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రు ఆయనను రహీం సాహెబని పిలిచెడివారు.

రహీం 1909వ సంవత్సరము ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి పట్టభద్రుడాయెను. వృత్తిచే ఉపాధ్యాయుడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను ఆయన పిల్లలకు చదువు చెప్పెను. వ్యాయామ విద్యయందు గూడ శిక్షణ పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, కడవరకు ఆ బాధ్యతను మోసెను. 1956వ సంవత్సరము వరకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు గూడ ఆ హైదరాబాదు రాష్ట్రములోనివే.

తరగతిగదిలో నేర్చిన ఓర్పును రహీం మైదానమునకు గొనిపోయెను. బాలుడు తప్పు వ్రాసినచో మంచి ఉపాధ్యాయుడు కోపించి ఊరకుండడు. ఆ తప్పు మరల రాకుండ తగిన అభ్యాసము కల్పించును. ఆటలోను రహీం అట్లే చేసెను. ఆటగాండ్రలో చాలమంది బంతిని తోడివారికీయక, కాలితో తామే నడుపుకొనుచు పోవుటను ఆయన చూచెను. దానినే డ్రిబ్లింగు అందురు. అది కనులకు ఇంపుగా నుండును గాని, ఎదుటివారు సర్దుకొనుటకు వ్యవధి నిచ్చును. రహీం ఉపన్యాసములతో తృప్తిపడలేదు. డ్రిబ్లింగు లేని పోటీలను ఏర్పాటు చేసెను. అందు బంతి అందినవాడు వెంటనే తోడివానికి ఇచ్చివేయవలెను. అటులనే, వాటముకాని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను గూడ నడపెను. కుడికాలి నేర్పుపై గర్వించువాడు ఆ పోటీలో ఎడమకాలితో తడబడును. తనలోని కొరత తనకు తెలిసినవాడు పరుల కొరతను చూచి నవ్వడు.

ఇచ్చుట నేర్పువాడు తానును ఇచ్చువాడై యుండవలెను. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అను పేద బాలుడుండెను. అతని ఆటలోని చురుకును రహీం కనిపెట్టి, హైదరాబాదునకు వచ్చి అభ్యాసము చేయుమనెను. దూరమెక్కువ, సైకిలు అద్దెకు తెచ్చుకొనుటకు బాలుని చేత డబ్బు లేదు. రహీం అతనికి రోజునకొక రూపాయి చొప్పున ఇచ్చి రప్పించెను. ఆ బలరామే పెద్దవాడై 1956లో మెల్‌బోర్న్‌లోను, 1960లో రోములోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో మన దేశము పక్షమున ఆడెను. రోము నగరమున హంగేరీపైనను, పెరూపైనను మన జట్టు కొట్టిన గోలు ఒక్కొక్కటే. ఆ రెండును బలరాం కొట్టినవే.

1950 నుండి రహీం హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడుగా నుండెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలుచుకొన్నది. ఆ దినములలోనే భారతజట్టు శిక్షణభారము గూడ ఆయనపై పడినది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును ఒక గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచిరి.

గెలుపు గురువును పరీక్షింపదు, ఓటమి పరీక్షించును. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు యుగోస్లావియాతో తలపడి, ఒక గోలునకు పది గోళ్ళిచ్చి ఓడిపోయినది. మనవారిలో పెక్కురు బూట్లు లేకయే ఆడిరి. ఉత్తరదేశపు చలిలో తడిసిన నేలపై ఆ పాదములు నిలువలేదు. దోషమును వాతావరణముపై త్రోసి ఊరకుండవచ్చును. కాని అట్లు చేయలేదు. అటుపిమ్మట బూట్లు వేసికొని ఆడుట మన దేశమున తప్పనిసరియైనది. రహీం ఆటపద్ధతిని మార్చెను. యూరపు జట్లు ఆడు తీరును పరిశీలించి, అందలి మేలును తన శిష్యులకు నేర్పెను. నాలుగేండ్లు గడచినవి. 1956లో మెల్‌బోర్న్‌లో మనవారు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాను 4-2 గోళ్ళతో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఆనాడు మూడు గోళ్ళు కొట్టెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలునకు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. అచ్చట మరల యుగోస్లావియాయే ఎదురై 4-1తో గెలిచినది. తుదకు మనకు నాలుగవ స్థానము దక్కినది. పతకము రాలేదు. కాని పది గోళ్ళ ఓటమినుండి నాలుగవ స్థానమునకు జట్టును నడపిన శ్రమ పతకమునకు తీసిపోదు.

రోము ఒలింపిక్ క్రీడలకు పోయిన జట్టులో రహీం కుమారుడు హకీం గూడ నుండెను. శిక్షకుడు తండ్రి, ఆటగాడు కొడుకు. ఐనను ఆ క్రీడలలో హకీం ఒక్క పోటీలోనైనను బరిలోనికి దిగలేదు. ఏ తండ్రికైనను తన కొడుకు దేశముకొరకు ఆడగా చూడవలెనను కోరిక యుండును. బరిలోనికి దిగినవారి పట్టికలో మాత్రము ఆ కోరికకు చోటు దొరకలేదు.

1962వ సంవత్సరమున జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. చునీ గోస్వామి మన జట్టునకు నాయకుడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనవారిని రెండు గోళ్ళతో ఓడించినది. తరువాత థాయిలాండుపై గెలిచిరి గాని, ఆ ఆటలో వెనుకదళపు మేటి ఆటగాడైన జర్నైల్ సింగు తలకు గట్టి గాయమై కుట్లు పడినవి. వెనుక నిలిచినవాడు ఎగిరివచ్చు బంతిని మాటిమాటికి తలతో ఎదుర్కొనవలెను. రహీం ఆలోచించి, జర్నైల్ సింగును ముందుదళమునకు మార్చెను. పేరుపొందిన ఆటగాడు తన స్థానము విడిచి, అలవాటులేని చోట ఆడుటకు సమ్మతించెను. అతడు ‘నా స్థానము’ అనలేదు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంపై మనవారు 3-2తో గెలువగా, అందొక గోలు జర్నైల్ సింగుదే.

తుదిపోటీ సెప్టెంబరు 4న జరిగినది. ఎదుట నిలిచినది మొదట మనలను ఓడించిన దక్షిణ కొరియాయే. ఇజ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకుండుటను ఒక భారతీయ అధికారి ఆక్షేపించుటచే, జకార్తా ప్రజలకు మనవారిపై ఆగ్రహము కలిగియుండెను. మైదానము నిండిన జనము మన జట్టును చూచి కేకలు వేయుచుండిరి. గోలుకీపరు పీటర్ తంగరాజు జ్వరమునుండి లేచి వచ్చి నిలిచెను. జర్నైల్ సింగు తలగాయముతోనే ఆడెను. ఆటకు ముందు రహీం తన శిష్యులను స్వర్ణపతకమొక్కటే కానుకగా కోరెనని వారు తరువాతి కాలమున చెప్పుకొనిరి. ఆ గురువు శిష్యులకు ఎంతయో ఇచ్చెను. వారిని అడిగినది ఆ ఒక్కటే.

ఆట మొదలైన ఇరువది నిముషములలో మనవారు రెండు గోళ్ళు కొట్టిరి. మొదటిది పి.కె. బెనర్జీ కొట్టినది, రెండవది జర్నైల్ సింగు కొట్టినది. చివర కొద్ది నిముషములనగా కొరియా ఒక గోలు కొట్టినది. మనవారు చెదరలేదు. 2-1తో గెలుపు మనదైనది. కానుక చెల్లినది.

ఆ గెలుపు తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సరు వ్యాధితో రహీం కన్నుమూసెను. 2023లో జరిగిన ఆసియా క్రీడల వరకు చూచినను, భారతజట్టు ఫుట్‌బాలులో మరల స్వర్ణపతకము గెలువలేదు. 2024లో ఆయన జీవితము ఆధారముగా ఒక హిందీ చలనచిత్రము వెలువడగా, క్రొత్తతరమువారు పలువురు ఆయన పేరు వినిరి. బంతిని అందించువాని పేరు ఆలస్యముగా వినబడుట ఆటలో క్రొత్త కాదు.

బాలబాలికలారా! ఇచ్చిపుచ్చుకొను ఈ గుణము మైదానమునకే పరిమితమైనది కాదు. భూపాలపల్లి బొగ్గుగనిలో దిగిన కార్మికుడు, పైకప్పు కూలకుండ ఆధారములు నిలిపిన తోడివాని పనిని నమ్మి ముందునకు అడుగు వేయును. జనగామ, మహబూబాబాదు పొలములలో వరినాట్లు వేయు స్త్రీలు వరుస తీరి నడుము వంతురు. వెనుకబడినదాని సాలును ప్రక్కనున్నది అందుకొని నాటును. వారికి ఎవరును చప్పట్లు కొట్టరు. ఐనను పని నెరవేరును.

ఇక మైదానమున గీతకావల కూర్చున్న ఆ కబడ్డీ బాలుని సంగతి. అతడు ముఖము మాడ్చుకొనలేదు. కూతకు పోయిన తోడివాని పేరు పెట్టి గట్టిగా హుషారిచ్చుచున్నాడు. తోడివాడు ఒకనిని తాకి, గీత దాటి తిరిగి వచ్చినాడు. గీతకావల బాలుడు లేచి, దుమ్ము దులుపుకొని బరిలోనికి నడచినాడు. ఇప్పుడతని వంతు వచ్చినది. తన కొరకు కూత పెట్టినవాడు రేపు గీతకావల కూర్చుండవలసి వచ్చినచో, వానిని బ్రతికింపవలసినవాడు తానే యని అతనికి తెలియును.