అక్టోబరు ఒకటో తేదీ

గోడకు వేలాడే క్యాలెండరు తీసి ముందు పెట్టుకోండి. అక్టోబరు నెల తిప్పండి. 1 అనే అంకె ఎక్కడుందో వేలు పెట్టి చూడండి. ఆ రోజు ఏ వారమో పైకి చదవండి.

మన ఇళ్ళల్లో రోజుల్ని తిథులతో గుర్తు పెట్టుకుంటాం. పాప ఎప్పుడు పుట్టిందమ్మా అంటే, "నాగుల చవితి వెళ్ళిన మూడోనాడు" అంటాం. అందులో తప్పు లేదు. అయితే తిథి చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. అందుకే దసరా నవరాత్రులు ఒక ఏడు సెప్టెంబరులోనే మొదలవుతాయి. ఇంకో ఏడు అక్టోబరు సగమయ్యాక గానీ రావు. తేదీ సూర్యుణ్ణి బట్టి నడుస్తుంది. సెప్టెంబరు 30 వెళ్ళిన మర్నాడు అక్టోబరు 1 రావలసిందే. పట్టా పుస్తకం, బ్యాంకు పుస్తకం, ఆసుపత్రి చీటీ, బడి సర్టిఫికెట్ అన్నీ తేదీతోనే నడుస్తాయి.

ఈ ఒక్క తేదీన వేరు వేరు ఏళ్ళలో ఏమేం జరిగాయో చూద్దాం. ఈ తేదీనే ఎందుకు తీసుకున్నామో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

అర అణా ఉత్తరం

1854 అక్టోబరు 1. అప్పుడు మన దేశాన్ని ఈస్టిండియా కంపెనీ పాలిస్తోంది. దేశమంతటా చెల్లే తపాలా బిళ్ళలు ఆ రోజు నుంచి వాడుకలోకి వచ్చాయి. వాటినే మనం స్టాంపులంటాం. కలకత్తాలో అచ్చు వేశారు. వాటి మీద విక్టోరియా రాణి తల బొమ్మ ఉండేది.

అంతకు ముందు ఉత్తరం ఎంత దూరం పోతే అంత ఎక్కువ డబ్బు కట్టాలి. మద్రాసుకు ఒక రేటు, కలకత్తాకు ఒక రేటు. పేదవాళ్ళు ఉత్తరం ఊసే ఎత్తేవారు కాదు. కొత్త పద్ధతిలో దూరంతో పనిలేదు. పావు తులం లోపు బరువున్న ఉత్తరం దేశంలో ఎక్కడికైనా అర అణాకే పోతుంది. అప్పట్లో రూపాయికి పదహారు అణాలు. అంటే రూపాయికి ఎన్ని ఉత్తరాలు పోతాయి? లెక్క కట్టండి. బిళ్ళ అంటించకుండా వేస్తే, అందుకున్నవాళ్ళ దగ్గర రెట్టింపు వసూలు చేసేవారు. మన పెద్దవాళ్ళు "బేరింగు ఉత్తరం" అనేది దాన్నే.

రేటు తగ్గింది సరే, రాసేదెవరు? ఆడవాళ్ళు ఊళ్ళో చదువొచ్చిన వాళ్ళ ముందు కూర్చుని రాయించుకునేవారు. మొగుడికి చెప్పుకోవలసిన మాట పరాయివాడి ముందు చెప్పాలి. సగం మాటలు కడుపులోనే ఉండిపోయేవి. అర అణా బిళ్ళతో ఆ బాధ తీరలేదు.

కర్నూలులో గుడారాలు

1953 అక్టోబరు 1. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు. అప్పటిదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. తెలంగాణ జిల్లాలు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేవి. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టారు. 58 రోజులు చేశారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు.

కొత్త రాష్ట్రానికి 11 జిల్లాలు. రాజధాని కర్నూలు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికాయనకు ఎనభై దాటాయి. ప్రారంభించడానికి నెహ్రూ కర్నూలు వచ్చారు. ఊళ్ళో సర్కారు ఆఫీసులకు సరిపడా ఇళ్ళు లేవు. గుడారాలు వేసి వాటిలో ఆఫీసులు నడిపారు. ఎండకు ఎండి వానకు తడిసి కాగితాలు చూసుకున్నారు.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది. కొత్త రాష్ట్రంలో అప్పుడు మద్యనిషేధం ఉండేది. ఉంచాలా, ఎత్తెయ్యాలా అని పెద్ద గొడవ జరిగింది. కల్లుగీసే వాళ్ళ బతుకుదెరువు పోయిందని ఒక వాదన. దాన్ని కొట్టి పారెయ్యలేం, అదీ కడుపు మాటే. ఆ గొడవలోనే 1954 నవంబరులో శాసనసభలో ఓట్లు వేశారు. ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తాగుడు సంగతి ప్రభుత్వాన్నే దింపగలదని అప్పుడే తేలింది.

వేలంపాట

1854కూ 1953కూ చుట్టరికం ఏమీ లేదు. రెండూ ఒకే తేదీన పడ్డాయి, అంతే. కానీ 1993 అక్టోబరు 1 అలా పడింది కాదు. ఆ తేదీకి కారణం ఉంది.

అప్పట్లో మన రాష్ట్రంలో ఊరూరా సారా కొట్లుండేవి. సారాను ప్యాకెట్లలో పోసి అమ్మేవారు. కొట్లకు ఏటా వేలం వేసేవారు. ఎక్కువ పాడిన కాంట్రాక్టరుకు కొట్టు దక్కేది. సారా ఏడాది అక్టోబరు 1న మొదలై మరుసటి సెప్టెంబరు 30తో ముగిసేది. మనకు ఉగాది ఎట్లాగో, కాంట్రాక్టరుకు అక్టోబరు 1 అట్లాగన్న మాట. పగలంతా కలుపు తీసి తెచ్చిన కూలి, రాత్రికి ఆ కొట్టుకే పోయేది. పిల్లల ఆకలి, ఒంటి మీద దెబ్బలు ఇంట్లో మిగిలేవి.

1990 తర్వాత నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రిపూట లాంతరు వెలుగులో ఆడవాళ్ళు చదువుకున్నారు. వాళ్ళ పుస్తకంలో సారా మీద ఒక పాఠం ఉంది. దూబగుంట ఊరి ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. కూడబలుక్కుని సారా బండిని ఊళ్ళోకి రానివ్వలేదు. కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ వాళ్ళలో ముందు నడిచింది. తర్వాత వాళ్ళ కథే ఇంకో పుస్తకంలో పాఠమైంది. అది చదివి పక్క ఊళ్ళ వాళ్ళు కదిలారు. చీపుర్లు పట్టారు. కారప్పొడి పట్టారు. ప్యాకెట్లు తగలబెట్టారు.

కొట్టు మూయిస్తే నాలుగు రోజులకు మళ్ళీ తెరిచేవాళ్ళు. వేలం పాడినవాడు డబ్బు కట్టాడు, ఊరుకుంటాడా? అసలు కిటుకు ఎక్కడుందో 1992లో ఆడవాళ్ళు కనిపెట్టారు. వేలమే జరగకపోతే కొట్టు ఎవరిది? ఊళ్ళు కట్టుకుని నెల్లూరు వెళ్ళారు. వేలం జరిగేచోట అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు నెట్టినా లేవలేదు. వేలం వాయిదా పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ వచ్చారు. మళ్ళీ వాయిదా.

మా కేంద్రంలో ఈ కథ చెబుతుంటే ఒక పెద్దావిడ అడ్డు తగిలింది. "అంతమంది ఆడవాళ్ళకు వేలం ఏ రోజో ఎవరు చెప్పారమ్మా?" అంది. మంచి ప్రశ్న. చదువొచ్చిన వాళ్ళు పేపరు చూసి మిగతావాళ్ళకు చెప్పే కాలం అప్పటికి వచ్చేసింది. తేదీ తెలియకపోతే వేలం అయిపోయిన మర్నాడు వెళ్ళి ఏడ్చి రావలసిందే.

ప్రభుత్వానికి సారా మీద కోట్ల ఆదాయం వచ్చేది. అయినా దిగి రాక తప్పలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా ఆపారు. పాత పాటల గడువు ముగిసి కొత్త ఏడాది మొదలవ్వాల్సిన రోజున, అంటే 1993 అక్టోబరు 1 నుంచి, రాష్ట్రమంతటా సారా నిషేధించారు. అప్పుడు ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి.

కథ అక్కడితో అయిపోలేదు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధం సడలింది. సీసా మద్యం మళ్ళీ వచ్చింది. సారా కొట్లకు మాత్రం మళ్ళీ వేలం వెయ్యలేదు. కానీ తాగేవాడికి ప్యాకెట్ అయినా సీసా అయినా ఒకటే. సీసా ఖరీదు ఎక్కువ, ఇంటికి చేరే కూలి ఇంకా తక్కువ.

ఇంకా ఈ తేదీన

1847లో ఈ రోజునే లండనులో అనీబిసెంట్ పుట్టారు. 1917లో కాంగ్రెసుకు మొదటి మహిళా అధ్యక్షురాలు ఆవిడే. మదనపల్లెలో ఆవిడ పేరున కాలేజీ ఉంది. 1949లో చైనాలో కొత్త ప్రభుత్వం ఏర్పడిందీ ఈ రోజునే. 1960లో ఆఫ్రికాలోని నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది. 1991 నుంచి ఈ తేదీని ప్రపంచమంతటా వృద్ధుల దినంగా జరుపుతున్నారు. ఇంట్లో అత్తమ్మకు చెప్పండి, సంతోషిస్తుంది.

చేసి చూడండి

1. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఎన్నేళ్ళకు సారా నిషేధం వచ్చింది? 1993లో నుంచి 1953 తీసివేయండి.

2. మీ పిల్లలు పుట్టిన తేదీ, నెల, ఏడు రాయండి. ఆసుపత్రి చీటీతో సరిపోయిందో లేదో చూడండి.

3. మీ ఊళ్ళో గ్రామసభ ఏ తేదీన జరుగుతుందో పంచాయతీ ఆఫీసులో కనుక్కోండి. క్యాలెండరులో ఆ గడి చుట్టూ సున్నా చుట్టండి.

4. మీ ఊళ్ళో సారా కొట్టు ఎక్కడ ఉండేదో, ఎవరెవరు మూయించారో పెద్దవాళ్ళను అడగండి. అయిదు వాక్యాలు రాయండి. కింద మీ పేరు, ఈనాటి తేదీ వేయండి.