రేడియో కూత పెట్టకుండా రియాక్షన్ తిప్పడం ఎట్లా?



జెండా పండుగ నాడు మైకును లౌడ్ స్పీకర్ ముందుకు తెస్తే 'కుయ్'మని కూత పెడుతుంది కదా! ఎందుకు? స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి పోతుంది. పెరిగి మళ్లీ స్పీకర్‌లోకి వస్తుంది. ఇట్ల తిరిగి తిరిగి కూత అవుతుంది. పాత వాల్వు రేడియోల్లో ఇదే సంగతిని మంచి పనికి వాడుకున్నారు.

1935లో హైదరాబాద్‌లో దక్కన్ రేడియో మొదలైంది. దాని శక్తి 200 వాట్లే. మన మంచిర్యాల అక్కడికి 200 కిలోమీటర్ల పైనే. ఇంత దూరం వచ్చేసరికి తరంగం బలం తగ్గిపోతుంది. దాన్ని పెంచాలంటే చాలా వాల్వులు కావాలి, ఖర్చు ఎక్కువ. ఒక్క వాల్వుతోనే చాలా పని చేయించే ఉపాయాన్ని అమెరికాకు చెందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1912లో కనిపెట్టాడు. 1914లో పేటెంట్ వచ్చింది.

పనిచేసే విధానం: ఏరియల్‌లోకి వచ్చిన తరంగం ఒక కాయిల్ గుండా వాల్వు గ్రిడ్‌కు చేరుతుంది. ప్లేటు దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. అందులో కొంత భాగాన్ని 'టిక్లర్' అనే చిన్న కాయిల్‌తో మళ్లీ మొదటి కాయిల్‌కే ఇస్తారు. ఇదే రీజనరేషన్. దీన్నే రియాక్షన్ అని కూడా అంటారు. కూత మొదలయ్యే ముందు, సరిగ్గా ఆ అంచు మీద స్టేషన్ బాగా వినబడుతుంది. అంచు దాటితే ఈల! అప్పుడు మన రేడియోనే చిన్న ట్రాన్స్‌మిటర్ అయ్యి పక్కింటోళ్ల రేడియోను కూడా చెడగొడుతుంది.

రియాక్షన్ మెత్తగ రావాలంటే:

1. టిక్లర్‌కు చుట్లు ఎక్కువైతే ఈల ఒక్కసారే 'టప్'మని మొదలైతది. నాబ్ వెనక్కి తిప్పినా అదే చోట ఆగదు, ఇంకా చాలా వెనక్కి పోవాలి. అప్పుడు ఒక్కొక్క చుట్టు తీసి చూడాలి, లేదా టిక్లర్‌ను కొంచెం దూరం జరపాలి.

2. ప్లేటు వోల్టేజి ఎక్కువున్నా ఇట్లనే అయితది. తగ్గించి చూడాలి.

3. గ్రిడ్ లీక్ రెసిస్టర్ విలువ మార్చి చూడాలి. మామూలుగా 1 మెగోమ్ నుంచి కొన్ని మెగోమ్‌ల దాకా ఉంటుంది.

4. అసలు ఈలే రాకపోతే టిక్లర్ రెండు కొసలు తారుమారై ఉండవచ్చు. మార్చి కలపాలి.

5. స్టేషన్ మార్చినప్పుడల్లా ముందు రియాక్షన్ తగ్గించి, తర్వాత మెల్లగ పెంచాలి.

జాగ్రత్త! బ్యాటరీ సెట్టులో కూడా ప్లేటుకు 90 వోల్టుల దాకా ఉంటుంది. కరెంటు సెట్టులో ఇంకా ఎక్కువ. స్విచ్ ఆపినా కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటది. సార్ పక్కన లేకుండా వెనక మూత తీయొద్దు.

నాబ్ గబగబా తిప్పినోనికి ఈల, ఓపికతో తిప్పినోనికి పాట!