కంప్యూటరునకు కావలి నిలుపుటకు ముందు

విద్యార్థులారా, ఇంటికి క్రొత్త తాళము తెచ్చిన గృహస్థుడు వెంటనే తలుపు మూసి తాళము వేయడు. లోపల ఎవరైన నక్కియున్నారేమో యని గదులన్నియు చూచును. పెరటి తలుపునకు గడియ పడుచున్నదో లేదో పరీక్షించును. విలువగల వస్తువులెక్కడ నున్నవో సరిచూచుకొనును. కంప్యూటరు విషయమున మాత్రము మనలో పెక్కుమంది ఈ వరుసను పాటించుట లేదు. ఆంటీవైరస్ ప్రోగ్రామును కొనితెచ్చి, ఆ క్షణముననే యంత్రములో వేయించి, ఇక భయము లేదని నిశ్చింతగ నుందురు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఏ ఆంటీవైరస్ మంచిదను విషయము కాదు. దానిని వేయుటకు ముందు చేయవలసిన పనిని గూర్చి మాత్రమే వ్రాయుచున్నాము. తలిదండ్రులు కూడ దీనిని చదువవలెనని మా కోరిక. ఏలయన ఇంటి కంప్యూటరులో నుండునవి పిల్లల ఆటలు మాత్రమే కావు.

మన జిల్లాకు ఈ విషయముతో దగ్గరి సంబంధము కలదు. తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగ ల్యాప్‌టాపులిచ్చు పథకమును 2011 సెప్టెంబరు 15వ తేదీన నాటి ముఖ్యమంత్రి జయలలిత ప్రారంభించినది మన తిరువళ్ళూరు జిల్లాలోని కాక్కలూరు గ్రామముననే. అటు తరువాత లక్షలకొలది యంత్రములు ఇండ్లకు చేరినవి. అన్న చదువు ముగించి పనిలో చేరగా, ఆ ల్యాప్‌టాపు తమ్మునికో చెల్లెలికో వచ్చియుండును. తొలి విడతల యంత్రములలో రెండు ఆపరేటింగు సిస్టములుండెడివి. ఒకటి విండోస్, రెండవది చెన్నైలోని సీడాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్స్. ఆ రెండవదానిని తెరచి చూచినవారు తక్కువ.

కాబట్టి మొదట తెలిసికొనవలసినది, మన యంత్రములో నున్న విండోస్ ఏ తరమునకు చెందినది అనునది. కీబోర్డుపై విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘విన్‌వర్’ అని ఆంగ్లాక్షరములలో వ్రాసినచో తెరపై ఆ వివరము కనబడును. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2020 జనవరి 14తో సాధారణ రక్షణ సవరణలను నిలిపివేసినది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసినది. ఈ సవరణలనగా నేమి? ఆపరేటింగు సిస్టము వ్రాసినవారి లోపము వలన గోడలో మిగిలిపోయిన కన్నములను, అవి బయటపడినప్పుడెల్ల పూడ్చు మట్టి యని భావింపుడు. మట్టి వేయువారు లేని గోడకు ఎంత గొప్ప కావలివానిని పెట్టినను ఏమి ప్రయోజనము?

ఇది ఊహించి చెప్పు మాట కాదు. 2017 మే 12వ తేదీన ‘వానాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచముపై పడినది. అది కంప్యూటరులోని ఫైళ్ళన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి, వానిని విడిపించుటకు 300 డాలర్లకు సరియగు సొమ్మును బిట్‌కాయిన్ రూపమున చెల్లించవలెనని తెరపై హెచ్చరిక చూపెడిది. 150 దేశములలో రెండు లక్షలకు పైగా యంత్రములు దాని వాతబడినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని చిక్కుకొన్నవి. మనకు పొరుగుననే యున్న చిత్తూరు జిల్లాతోపాటు కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలో దాని ప్రభావము కనబడినది. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయములలోని కొన్ని కంప్యూటర్లును చిక్కినవి. విచారింపదగిన సంగతి యేమనగా, ఆ ప్రోగ్రాము దూరిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ యేడు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలకు ముందే, విడుదల చేసియుండెను. దానిని వేసికొనిన యంత్రములలోనికి వానాక్రై ఆ కన్నము గుండా ప్రవేశింపలేకపోయినది. కనుక ఆంటీవైరస్ తెచ్చుటకు ముందే సెట్టింగులలోని అప్‌డేట్ అను భాగమును తెరచి, పెండింగులో నున్న సవరణలనన్నిటిని వేసి, యంత్రమును ఒకటి రెండు పర్యాయములు ఆపి మరల ప్రారంభింపవలెను. సవరణలు రాని పాత విండోస్ ఉన్నచో, దానిని ఇంటర్నెట్టునకు కలుపకుండ వ్రాతపనికి వాడుకొనవచ్చును. లేదా క్రొత్త లినక్సును ఎక్కించుకొనవచ్చును. ఆంటీవైరస్ కొను డబ్బును అట్టి పాత యంత్రముపై వెచ్చించుట వృథా యని మా అభిప్రాయము.

రెండవ పని ఫైళ్ళకు నకలు తీయుట. పిచ్చాటూరు జలాశయము నుండి ఆరణి నదిలోనికి నీరు వదలుచున్నారని తెలిసిన దినమున, ఊత్తుకోట మొదలు పొన్నేరి వరకు ఏటి యొడ్డున నున్నవారు ధాన్యపు బస్తాలను మెరకకు చేర్చుకొందురు గదా! నీరు వచ్చిన పిమ్మట చేర్చువారు లేరు. ఆంటీవైరస్ కూడ తన పని తాను చేయునపుడు అనుమానము గొలుపు ఫైలును వేరుచేసి బంధించును, ఒక్కొక్కప్పుడు తొలగించును. వైరసు అంటుకొన్న ఫైలు మీ తండ్రిగారి భూమి పట్టా నకలే యైనను దానికి తెలియదు. కావున జననధ్రువపత్రము, కులధ్రువపత్రము, మార్కుల జాబితాలు, బ్యాంకు కాగితములు, పెండ్లి ఛాయాచిత్రములు మొదలగు వానిని వేరొక హార్డ్ డిస్కులోనికో పెన్ డ్రైవులోనికో ఎక్కించి, ఆ పరికరమును యంత్రమునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఊడదీయుట ముఖ్యము. వానాక్రై వంటివి యంత్రమునకు తగిలించియున్న డిస్కులోని నకళ్ళను సైతము విడువవు.

ఇచట తెలుగువారమైన మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. దానిని గూర్చి కొంచెము విస్తరించి వ్రాయవలసియున్నది. మన ప్రాంతమున తెలుగు మాధ్యమమునకు కావలసిన ప్రశ్నపత్రములు, పాఠముల సంగ్రహములు, వ్యాకరణాభ్యాసములు అంగడిలో విరివిగా దొరకవు. ఉపాధ్యాయులో, శ్రద్ధగల తలిదండ్రులో స్వయముగ టైపు చేసి ఉంచుకొన్నవే పలువురకు ఆధారము. వానిలో అనేకము అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో నున్నవి. అట్టి ఫైలులో నిజమునకు తెలుగక్షరము ఉండదు. ఆంగ్లాక్షరములకు, ఇతర చిహ్నములకు నిర్ణయించిన సంఖ్యలు మాత్రమే యుండును. ఆ ఫాంటు వానికి తెలుగు రూపము తొడిగి చూపును. ఫాంటు పోయినచో ఫైలు చెక్కుచెదరకున్నను తెరపై కనబడునది అర్థములేని గీతల గుంపు. మే మెరిగిన యొక ఇంట ఇట్లే జరిగినది. వైరసు పోవుటకై యంత్రమును ఫార్మాట్ చేయించిరి. ఫైళ్ళన్నిటిని భద్రముగ నకలు తీసి మరల ఎక్కించిరి. కాని పదేండ్ల తెలుగు పాఠములు ఒక్క పుట కూడ చదువుటకు వీలులేకపోయెను. ఆ పని చేసిన యువకునకు తెలుగు రాదు. అతని దృష్టిలో ఫైళ్ళన్నియు సరిగనే యున్నవి.

దీనికి నివారణ సులభము. విండోస్ ఫోల్డరులో ‘ఫాంట్స్’ అను ఫోల్డరుండును. అందలి తెలుగు ఫాంట్లను, టైపు చేయుటకు వాడు ప్రోగ్రామును కూడ నకలు తీసి యుంచవలెను. అంతకంటె మేలైన పని, ముఖ్యమైన ప్రతి తెలుగు ఫైలును ముందుగనే పిడిఎఫ్ రూపమున భద్రపరచుట. అందు అక్షర రూపములు ఫైలుతోపాటే ప్రయాణము చేయును గనుక ఏ యంత్రములోనైనను చదువవచ్చును. ఇక మీదట వ్రాయునది యూనికోడులో వ్రాయుడు. 1991లో వెలువడిన యూనికోడు తొలి సంపుటముననే తెలుగునకు స్థానము లభించినది. విండోస్‌లో తెలుగు యూనికోడు అక్షరములు చూపు గౌతమి, నిర్మల వంటి ఫాంట్లు ఉన్నవి. టైపు చేయు మీటల అమరికను భాషల సెట్టింగులలో ఉచితముగనే చేర్చుకొనవచ్చును.

ఇక ఇంటిలో ముందే దూరియున్న దొంగ మాట. ఆంటీవైరస్ తాను నిలిచిన తరువాత లోపలికి వచ్చువానిని పట్టుటలో నేర్పరి. కాని తనకంటె ముందే లోపల పాతుకొన్న దుష్ట ప్రోగ్రాము, తనను పట్టవచ్చిన దానిని వేయనీయకపోవచ్చును. లేదా వేసిన పిమ్మట దాని కన్నులు కప్పవచ్చును. అందుచేత విండోస్ పూర్తిగా మేలుకొనకముందే పరీక్ష జరుపు పద్ధతి యొకటి కలదు. విండోస్ 10, 11లలో సెక్యూరిటీ భాగమున డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అనునది ఇదియే. పావుగంట సేపు యంత్రమును మనము ముట్టకున్నచో అదియే చూచుకొని మరల తెరచును. కేంద్ర ప్రభుత్వము 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము కూడ వైరసులను తొలగించు సాధనములను ప్రజలకు ఉచితముగ నిచ్చుచున్నది. పెన్ డ్రైవుల ద్వారా వచ్చు కీడును అడ్డగించుటకు ‘యుఎస్‌బి ప్రతిరోధ్’ అను సాధనమును తయారుచేసినది సీడాక్ సంస్థయే.

పెన్ డ్రైవు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. దరఖాస్తు ప్రింటు తీయుటకై పెన్ డ్రైవును పలు దుకాణములకు త్రిప్పుట మనకు వాడుక. తిరిగి వచ్చిన దానిలో ఫోల్డర్లన్నియు షార్ట్‌కట్ గుర్తులుగ మారియున్నచో అది వైరసు పనియే. అది అసలు ఫోల్డర్లను దాచి, అవే పేర్లతో తన వలలను పన్నును. మీరు ఫోల్డరు తెరచితి మనుకొందురు. తెరచుకొన్నది ముందు వైరసు, ఆ తరువాత ఫోల్డరు. అట్లు కనబడినప్పుడు తొందరపడి ఫార్మాట్ చేయకుడు. లోపలి ఫైళ్ళు సాధారణముగ దాగియుండునే గాని పోయియుండవు.

పాత ఆంటీవైరస్ ఉన్నచో క్రొత్తది వేయుటకు ముందు దానిని తీసివేయుట తప్పనిసరి. ఇద్దరు కావలివారుండిన మరింత మేలు గదా యని కొందరడుగుదురు. ఏ ఫైలు తెరచినను ముందుగ తానే పట్టి చూడవలెనను ప్రోగ్రామిది. రెండుండినచో ఒకటి పట్టినదానిని రెండవది పట్టబోవును. రెండును ఒకదానికొకటి ఎదురుచూచుచు యంత్రమును స్తంభింపజేయును. ఒకటి బంధించి యుంచిన వైరసు ముక్కను చూచి రెండవది కేకలు పెట్టును. విండోస్‌తో వచ్చు డిఫెండరు మాత్రము సాధారణముగ, క్రొత్తది రాగానే తానై ప్రక్కకు తొలగును. తక్కినవానిని కంట్రోల్ ప్యానెల్ ద్వారా మనమే తీసివేయవలెను. గడువు తీరిన దానికిని ఇదే నియమము. ఒక్కొక్కప్పుడు అవశేషములు మిగిలిపోవును గనుక పలు సంస్థలు వానిని ఊడ్చుటకు ప్రత్యేక సాధనములిచ్చుచున్నవి. అయితే వరుస మరువరాదు. క్రొత్తదానిని ముందుగ దింపుకొని, ఇంటర్నెట్టును ఆపి, పాతదానిని తీసి, యంత్రమును మరల ప్రారంభించి, క్రొత్తది వేసి, ఆ పిమ్మటనే ఇంటర్నెట్టు కలుపవలెను. వేయునప్పుడే ఇంటర్నెట్టు కావలెనని కోరునవి కొన్ని కలవు. అట్టివానికి వేయు సమయమున మాత్రము కలిపి, ఆ నడుమ మరే పుటను తెరువకుండవలెను.

క్రొత్తదానిని ఎచట తీసికొనవలెను? దానిని తయారుచేసిన సంస్థ నుండియే. మన చెన్నైలోని కె7, పూణేలోని క్విక్ హీల్ వంటి స్వదేశ సంస్థలు ఎంతో కాలముగ ఈ పని చేయుచున్నవి. స్నేహితుడు పెన్ డ్రైవులో ఇచ్చిన తాళము విరిచిన ప్రతిని వేయుట, దొంగ చేతికి తాళపుచెవి ఇచ్చి కావలి పెట్టుట వంటిది. అట్లే, ఏదో చిత్రము చూచుచుండగా “మీ కంప్యూటరులో వైరసులున్నవి, ఈ నంబరునకు ఫోను చేయుడు” అని తెరపై ఎర్రని హెచ్చరిక వచ్చినచో నమ్మరాదు; ఆ పుటను మూసివేయవలెను. అప్పటికే డబ్బు చెల్లించినవారు ఆలస్యము చేయక 1930 అను నంబరునకు తెలుపవలెను.

చిన్నవిగ కనబడి పెద్ద తొందర కలిగించునవి కొన్ని కలవు. పాత ల్యాప్‌టాపులలో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, ఆపి తెరచినప్పుడెల్ల తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోవును. తేదీ తప్పుగ నున్నచో ఆంటీవైరస్ తన సంస్థతో మాటలాడలేదు, గడువు లెక్క కూడ చెడును. ముందు తేదీని సరిచేయుడు. డిస్కులో కొన్ని గిగాబైట్ల చోటు ఖాళీ చేయుడు. కరెంటు పోవు వేళ ఈ పని పెట్టుకొనకుడు. పిల్లలు వాడుకొనుటకు వేరొక ఖాతా తెరచి, ప్రోగ్రాములు వేయు అధికారమును తల్లియో తండ్రియో తమ పాస్‌వర్డుతో తమ వద్దనే యుంచుకొనవలెను. విద్యార్థులకిది రుచింపదని మే మెరుగుదుము. అయినను తెలియక నొక్కిన ఒక్క మీటతో యంత్రమంతయు పరాధీనము కాకుండ ఇది చాల వరకు ఆపును.

ఇవి ముగిసిన పిమ్మట ఆంటీవైరస్ వేసి, వెంటనే దానికి అప్‌డేట్ తెచ్చి, యంత్రమునంతటిని ఒకసారి పూర్తిగ పరీక్షింపజేయవలెను. పాత యంత్రములలో దీనికి కొన్ని గంటలు పట్టును గనుక, రాత్రి భోజనమైన పిదప ఛార్జరు తగిలించి ప్రారంభించుట మేలు. మరునాటి ఉదయము బీరువాలోని నకళ్ళ డిస్కును తెచ్చి తగిలించి, ఒక్క ఫైలైనను తెరువక ముందు, దానిని కూడ అట్లే పరీక్షింపుడు.