ఇంటి వడ్రంగి గదికి బ్యాండ్ సా ఎంపిక

ప్రశ్న: సూరత్‌లో ఇంటి గదిలోనే సాదేలీ తరహా పెట్టెలు చేయదలచినవారికి ఎటువంటి బ్యాండ్ సా తగును?

జవాబు: రెండు చక్రాల మీదుగా తిరిగే పళ్ల ఉక్కు పట్టీతో చెక్కను కోసే ఈ యంత్రం పరిమాణాన్ని చక్రం వ్యాసంతో చెప్పడం వాడుక, ఇంటి గదికి 14 అంగుళాలది చాలును. అయితే అంతకన్నా ముందు చూడవలసింది కోత ఎత్తు, అనగా బల్లకూ పై గైడుకూ మధ్య లభించే గరిష్ఠమైన ఎడం. టేకు పలకను అంచు మీద నిలబెట్టి పలుచగా చీల్చాలంటే 6 అంగుళాల ఎత్తూ, కనీసం ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారూ ఉండడం మేలు.

సూరత్‌కు ఎంతో పేరు తెచ్చిన సాదేలీ పనిలో త్రికోణాకారపు సన్నని కడ్డీలను జిగురుతో కట్టగా అతికి, ఆ కట్టను అడ్డంగా కోయగా వచ్చిన నక్షత్రాల వంటి నమూనాల రేకులను పెట్టెలపై తాపడం చేస్తారు. ఈ పనికి యంత్రం కన్నా బ్లేడే ముఖ్యం. పలకలు చీల్చడానికి అంగుళానికి 3 పళ్లున్న అరంగుళం వెడల్పు బ్లేడు చక్కగా పనికివస్తుంది గాని, దానితోనే కడ్డీల కట్టను కోస్తే అంచులు పెచ్చులూడి నమూనా చెడుతుంది కనుక, దానికి అంగుళానికి 14 పళ్ల బ్లేడును విడిగా ఉంచుకోవాలి.

సముద్రపు తేమకు పోత ఇనుప బల్ల తుప్పుపట్టకుండా మైనం పూయడం, పని ముగిశాక బ్లేడు బిగువు సడలించడం తప్పనిసరి. కొనేముందు పై చక్రాన్ని చేతితో తిప్పి చూడాలి. అది ఊగితే, ఎంత చవకైనా ఆ యంత్రాన్ని వదలివేయడమే ఉచితం.