పుప్పొడి పడిశము: నాసికలోని పొరకు కలుగు వికారము

1. ఖరగ్‌పూరు పశ్చిమ బంగాళములోని రైలు పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి కొలువులకై వెళ్లిన తెలుగు కుటుంబములు పెక్కు అచ్చట స్థిరపడినవి. అందలి ట్రాఫిక్ వంటి రైల్వే వాడలలో ఖాళీ స్థలములను శుభ్రపఱచుట దోమల నివారణకు మాత్రమే కాదు. పట్టాల ప్రక్కల పెరుగు గడ్డియు, వయ్యారిభామయు పూచినపుడు వాని పుప్పొడి గాలిలో కలసి కొందఱకు పడిశము కలిగించును.

2. ఇది అంటురోగము కాదు. 1819లో లండను వైద్యుడు జాన్ బోస్టాక్ తనకు ఏటేట వచ్చు ఈ బాధను వర్ణించెను. 1873లో మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తనమీదనే పరీక్షలు జరిపి, పుప్పొడియే కారణమని చూపెను. రంగుల పూల పుప్పొడి బరువైనది. దానిని కీటకములు మోయును. గాలికి ఎగురునది ఎక్కువగా కంటికానని గడ్డిపూతల పుప్పొడియే.

3. నాసికలోపల తడిగా నుండు పలుచని పొర కలదు. దానిపైనున్న సూక్ష్మమైన నూగు దుమ్ము చిక్కిన చీమిడిని గొంతువైపు త్రోయుచుండును. గడ్డి పుప్పొడి రేణువు సుమారు 30 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో 100 పాళ్లకు 3 పాళ్లు. అది పొరకు అంటి తడిసినంతనే అందలి మాంసకృత్తులు వెలువడును. సరిపడనివారి దేహము వానిని శత్రువులుగా నెంచి, ఐజీఈ అను ప్రతిరక్షక పదార్థమును ముందే సిద్ధపఱచి యుంచును. అది అంటియున్న మాస్టు కణములు పుప్పొడి సోకగానే హిస్టమిన్‌ను విడుచును. నిమిషములలో దురద, తుమ్ములు, నీళ్లవంటి చీమిడి కలుగును. కొన్ని గంటల పిదప పొర వాచి ముక్కు దిబ్బడవేయును.

4. అధికారులు ముఖ్యముగా గమనింపవలసినది యిది: పుప్పొడి దినదినము సోకుచున్నకొలది పొర మఱింత సున్నితమగును. పూతకాలారంభమున బాధింపని కొలదిపాటి పుప్పొడియే తుదిభాగమున మిక్కిలి బాధించును. కావున పూత ముదిరిన పిదప జరుపు కోత అంతగా ఫలింపదు; అపుడు కోత వలననే పుప్పొడి రేగును.

5. కర్తవ్యములు:

(అ) వయ్యారిభామ మొలచిన కొన్ని వారములకే పూయును. వానలు పడి నేల మెత్తబడినపుడు, పూతకు పూర్వమే వేళ్లతో పెఱికింపవలెను.

(ఆ) ఆ మొక్క చర్మమునకును దద్దురులు తెచ్చును. పనివాండ్రకు చేతితొడుగులును, ముక్కుగుడ్డలును ఇయ్యవలెను.

(ఇ) రైల్వేవారును పురపాలకులును ఒకే వారమున ఈ పని జరిపింపవలెను. గాలికి ఎల్లలు లేవు.

6. జ్వరము లేక, కన్నులును ముక్కును దురదపెట్టుచు, ఏటేట అదే ఋతువున వచ్చు పడిశమును ఇట్టిదిగా అనుమానించి వైద్యునకు చూపవలెను. క్లోర్‌ఫెనిరమిన్ మొదలగు పాత మాత్రలు నిద్రమత్తు కలిగించును. బండి నడుపువారును, సిగ్నలు చూచువారును వానిని మ్రింగి పనికి పోరాదు. ఒకరి కునుకు వందలమందికి ప్రాణాపాయము. మత్తు తక్కువగల మందులును, ముక్కులో చల్లు మందులును కలవు. పిల్లికూతలు, ఆయాసము తోచినచో తడయక ఆసుపత్రికి పంపవలెను.