నెలకొక పిట్టల నడక

మన బడిలో రెండో తరగతి పిల్లలను "మీకు తెలిసిన పక్షుల పేర్లు చెప్పండి" అని అడిగితే చిలుక, నెమలి, కోయిల, హంస అని గబగబా చెబుతారు. అన్నీ వాచకంలో ఉన్నవే. "ఈ వారం మీరు కళ్ళారా చూసిన పక్షి పేరు చెప్పండి" అంటే మాత్రం తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. పేరు తెలిసిన పక్షిని చూడలేదు, చూసిన పక్షికి పేరు తెలియదు! ఈ రెండింటినీ ఒక్కచోటికి చేర్చాలని మేము, అంటే బడిలో పాఠాలు చెప్పే కొందరు తల్లిదండ్రులం, పిల్లలను వెంటబెట్టుకుని మన ఊరి పక్షి ప్రేమికుల నడకలకు నెలకొకసారి వెళ్తున్నాం. ఆ నడకల్లో మేమూ పిల్లలూ నేర్చుకున్నదే ఈ పాఠం.

ఏమిటీ సంఘం?

మన శాంటా క్లారా లోయలో పక్షులను చూసేవారి సంఘం ఒకటి 1926 నుంచీ ఉంది. చాలాకాలం శాంటా క్లారా వ్యాలీ ఆడుబాన్ సొసైటీ అనేవారు. ఇప్పుడు పేరు మార్చుకుని శాంటా క్లారా వ్యాలీ బర్డ్ అలయన్స్ అయింది. కూపర్టీనోలోని మెక్లెల్లన్ రాంచ్‌లో వీరి కార్యాలయం ఉంది. వారాంతాల్లో పార్కుల్లో, బే ఒడ్డున నడకలు ఏర్పాటు చేస్తారు. కొత్తవారి కోసం ప్రత్యేకంగా తేలిక నడకలు ఉంటాయి. పక్షుల మీద ఉపన్యాసాలు ఉంటాయి. నడకలకు సాధారణంగా రుసుము లేదు, సభ్యులు కానవసరం లేదు.

నడక జరిగే తీరు ఇది. ఉదయాన్నే పార్కు గేటు దగ్గర పదిహేను ఇరవైమంది చేరతారు. అనుభవజ్ఞులైన ఒకరు ముందు నడుస్తారు. మూడుకాళ్ళ స్టాండు మీద టెలిస్కోపు పెట్టి, పిల్లలకు అందేలా ఎత్తు తగ్గించి చూపిస్తారు. ఎవరికి ఏ పిట్ట కనబడినా అందరికీ చెబుతారు. చివర్లో అందరూ చుట్టూ నిలబడి, చూసిన పక్షులను ఒక్కొక్కటిగా చదివి లెక్క రాసుకుంటారు. మన పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. తాము చూసిన పిట్ట పేరు రాగానే చెయ్యెత్తాలి కదా!

పిట్టను ఎలా గుర్తుపట్టాలి?

పక్షి కనబడగానే పుస్తకం తెరవకూడదు. పుస్తకం ఎక్కడికీ పోదు, పిట్ట పోతుంది. ముందు నాలుగు సంగతులు గమనించాలి.

మొదటిది, ఎంత ఉంది? అంగుళాల్లో చెప్పనక్కర లేదు. పిచ్చుకంతా, గోరింకంతా, పావురమంతా, కాకంతా, గద్దంతా? భారతదేశపు పక్షుల గురించి సలీం అలీ 1941 లో ప్రచురించిన పుస్తకంలో కూడా సైజులు ఈ పద్ధతిలోనే చెప్పారు. తెలిసిన పిట్టతో కొలిస్తే తెలియని పిట్ట పట్టుబడుతుంది.

రెండవది, రంగులు ఎక్కడెక్కడ ఉన్నాయి? "గోధుమరంగు" అంటే చాలదు. తలమీద చారలున్నాయా, కంటిచుట్టూ వలయముందా, తోక అంచు తెల్లగా ఉందా చూడాలి.

మూడవది, ఏం చేస్తోంది? గెంతుతోందా, నడుస్తోందా, మానును పొడుస్తోందా, నీటిలో మునుగుతోందా?

నాలుగవది, ఎక్కడ ఉంది? బురదలోనా, ఓక్ చెట్టు మీదా, గడ్డిలోనా?

బైనాక్యులర్ల మీద 8×42 అని ఉంటే, వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుందనీ, ముందున్న అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లనీ అర్థం. వాడే కిటుకు ఒక్కటే. చూపు పిట్ట మీదే ఉంచి, బైనాక్యులర్లను కళ్ళ దగ్గరికి తెచ్చుకోవాలి. పిట్టను వదిలి బైనాక్యులర్ల వంక చూశారంటే మళ్ళీ అది దొరకదు.

ఏ నెలలో ఏమి చూస్తాం?

సెప్టెంబరు, అక్టోబరు: పాలో ఆల్టో బేలాండ్స్. బడి తెరిచే రోజులకు అలాస్కా వైపు నుంచి చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు వచ్చేసి ఉంటాయి. ఆటు సమయంలో బురదంతా పరుచుకుని దూరంగా మేస్తాయి. పోటు వస్తున్నకొద్దీ నీరు వాటిని ఒడ్డుకు తోస్తుంది. అందుకే మన నడకకు బయల్దేరేముందు గడియారంతోపాటు ఆటుపోట్ల పట్టిక కూడా చూసుకోవాలి.

నవంబరు: బాతుల నెల. గరిటలాంటి ముక్కున్న బాతు ఒకటి కనిపిస్తుంది. ఇక్కడివారు షవలర్ అంటారు. పిల్లలు గరిటెముక్కు బాతు అని పేరు పెట్టారు. ముక్కు అంచుల్లో దువ్వెన పళ్ళలాంటివి ఉండి, నీటిని జల్లెడ పట్టి ఆహారం తీసుకుంటుంది. పక్కనే సూదితోక బాతులు. ఈ రెండూ మన కొల్లేరుకూ పులికాటుకూ చలికాలంలో వచ్చే జాతులే. అక్కడికి ఆసియా ఉత్తరపు కొసల నుంచి వస్తే, ఇక్కడికి కెనడా, అలాస్కాల నుంచి వస్తాయి. నల్లటి ఒంటితో, తెల్లటి ముక్కుతో ఈదే బొల్లికోడికి కూడా మన చెరువుల్లో దగ్గరి చుట్టం ఉంది.

డిసెంబరు: క్రిస్మస్ పక్షుల లెక్క. ఒకప్పుడు ఈ దేశంలో క్రిస్మస్ నాడు జట్లుగా వెళ్ళి ఎవరు ఎక్కువ పక్షులను కాలుస్తారో పోటీ పడేవారు. 1900 లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన "చంపవద్దు, లెక్కపెడదాం" అని ప్రతిపాదించారు. ఆ ఏడాది 25 చోట్ల 27 మంది లెక్కపెట్టారు. మనకు దగ్గరలోని పసిఫిక్ గ్రోవ్ ఆ ఇరవై అయిదింటిలో ఒకటి. ఇప్పుడు ఏటా డిసెంబరు 14 నుంచి జనవరి 5 లోపల, 15 మైళ్ళ వ్యాసం ఉన్న వృత్తాల్లో ఒక్కో రోజున లెక్క జరుగుతుంది. శాన్ హోసేకు ఒక వృత్తం, పాలో ఆల్టోకు ఒక వృత్తం ఉన్నాయి.

జనవరి: రాంచో శాన్ ఆంటోనియోలో ఓక్ చెట్లు. ఎర్ర టోపీ పెట్టుకున్నట్టుండే వడ్రంగిపిట్ట మానుకు వందలకొద్దీ చిల్లులు పొడిచి, ఒక్కోదానిలో ఒక్కో ఓక్ కాయ దాస్తుంది. ఒక్కటే కాదు, కుటుంబమంతా కలిసి ఆ గాదెను కాపలా కాస్తుంది. పిల్లలను కూడా కలిసే పెంచుతాయి. ఉమ్మడి కుటుంబం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ మాకు వాచకంలో దొరకలేదు.

ఫిబ్రవరి: పెరటి పక్షుల లెక్క. 1998 లో అమెరికాలో మొదలై, 2013 నుంచి ప్రపంచమంతటా జరుగుతోంది. నాలుగు రోజుల్లో ఎప్పుడైనా, కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనబడిన పక్షులను లెక్కపెట్టాలి. అపార్టుమెంటు బాల్కనీ అయినా చాలు.

మార్చి: పూలచుట్టూ గాలిలో నిలబడి తేనె తాగే బుల్లిపిట్టలు. చాలామంది వీటిని తేనెపిట్టలంటారు. కాని మన ఊళ్ళలో మందారాలమీద వాలే తేనెపిట్టలు వేరే కుటుంబం. అవి ఎక్కువగా కొమ్మమీద కూర్చుని తాగుతాయి. ఈ బుల్లిపిట్టలు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా సహజంగా ఉండవు. పోలిక ఉన్నంతమాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు!

ఏప్రిల్: కిల్‌డీర్ అనే పిట్ట గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఎవరైనా దగ్గరికి వస్తే రెక్క విరిగినట్టు నటిస్తూ దూరంగా తీసుకుపోతుంది. ఇది మన తీతువు పిట్టల కుటుంబమే.

మే: మౌంటెన్ వ్యూలో షోర్‌బర్డ్ వే అని ఒక వీధి ఉంది. చుట్టూ కంప్యూటర్ కంపెనీల భవనాలు. ఆ వీధి చెట్లమీదే తెల్లకొంగలు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఆఫీసు బ్యాడ్జి మెడలో వేసుకుని రోజూ ఆ చెట్ల కిందుగా నడిచే నాన్నలు కొందరు మా నడకలోనే మొదటిసారి తలెత్తి చూశారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో కూడా కొంగలూ గూడబాతులూ ఇలాగే ఊరి మధ్యకొచ్చి పిల్లల్ని చేస్తాయి, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచుల్లా. వందేళ్ళ కిందట ఈ దేశంలో ఆడవారి టోపీల మీద ఈకల కోసం ఈ తెల్లకొంగలనే వేలకు వేలు చంపేశారు. పక్షి సంఘాలు పోరాడగా, 1918 లో వలస పక్షుల రక్షణకు చట్టం వచ్చింది. ఇప్పుడు మనం చూసేవి అలా దక్కినవి.

నాన్నమ్మ పాఠం

ఆరు నెలలకని ఇక్కడికి వచ్చే పెద్దవారి సంగతి మనందరికీ తెలిసిందే. కారు నడపడం రాదు, మాట్లాడేవారు ఉండరు. పగలంతా టీవీయే తోడు. కైకలూరు నుంచి వచ్చిన ఒక నాన్నమ్మ మనవడితో నవంబరు నడకకు వచ్చారు. నీటిమీద తెల్లగా బారులు తీరిన పెద్ద పక్షులను చూసి, "ఒరేయ్, ఇవి మా గూడబాతులేరా! మావి కాస్త బూడిదరంగు, అంతే" అన్నారు. మనవడికి పెలికన్ తెలుసు, గూడబాతు తెలియదు. "గూడ అంటే ఏంటి నాన్నమ్మా?" అని అడిగాడు. పొలానికి నీళ్ళు తోడే బుట్ట అనీ, ఇద్దరు చెరోవైపు తాళ్ళు పట్టుకుని ఊపుతూ తోడతారనీ ఆవిడ చేతులతో చేసి చూపించారు. ఆ పక్షి నోటికింద సంచితో నీటిని తోడుతుంటే పేరు మళ్ళీ చెప్పాల్సిన పని లేకపోయింది.

నడక నడిపే ఆయన ఇదంతా చూసి, ఆవిడ ఏమంటున్నారని అడిగారు. కుర్రాడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన, ఈ పక్షులు అర్ధచంద్రాకారంలో జట్టుకట్టి చేపలను లోతు తక్కువ నీటిలోకి తరుముతాయని వివరించారు. కుర్రాడు దానిని తెలుగులో నాన్నమ్మకు చెప్పాడు. "తరమడం" అన్న మాట దొరకక కాసేపు తడబడ్డాడు. నాన్నమ్మే అందించారు. మేము తరగతిలో ఏడాదిపాటు "తెలుగులో మాట్లాడు" అని చెప్పినా రాని అవసరం ఆ అరగంటలో వచ్చింది. అవతలివారికి తెలుగు తప్ప రానప్పుడు, చెప్పాల్సిన మంచి కబురు మన దగ్గర ఉన్నప్పుడు, భాష దానంతటదే కదులుతుంది.

నామాల పిచ్చుక చెప్పే నీతి

ఈ తీరంలో తలమీద నలుపు తెలుపు చారలున్న పిచ్చుక ఒకటుంది. మన పిల్లలు పెట్టిన పేరు నామాల పిచ్చుక. మన బే ప్రాంతంలోనే పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త వీటి పాటలను పరిశోధించి 1964 లో ప్రచురించారు. గోదావరి యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస ఉన్నట్టే, ఈ తీరపు పిచ్చుకల్లో ఒక్కో చోట ఒక్కో యాస ఉందట. పాట పుట్టుకతో రాదు. గుడ్డులోంచి వచ్చాక సుమారు పదో రోజు నుంచి యాభయ్యో రోజులోపు పెద్ద పిచ్చుకల పాట వినాలి. ఆ రోజుల్లో ఒంటరిగా పెంచితే, పెద్దయ్యాక ఏదో పాడుతుంది కాని, అది తన వాళ్ళ పాట కాదు.

మన పిల్లలకు గడువు యాభై రోజులు కాదు, కొన్నేళ్ళు. కాని ఆ ఏళ్ళూ ఊరికే గడిచిపోయేవే. బడిలో వారానికి రెండు గంటలు చాలవు. పెద్దల గొంతు వినబడుతూ ఉండాలి.

లెక్క ఎందుకు?

2019 లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయి. అంటే అప్పటి వంద పక్షుల్లో ఇరవై తొమ్మిది ఇప్పుడు లేవు. ఈ సంగతి తెలిసింది ముఖ్యంగా స్వచ్ఛందంగా పార్కుల్లో, రోడ్ల పక్కన నిలబడి ఏళ్ళ తరబడి లెక్కలు రాసిన మామూలు మనుషుల వల్ల. అదే పరిశోధనలో నీటి బాతుల సంఖ్య పెరిగిందని కూడా తేలింది. చిత్తడి నేలలను కాపాడుకున్నచోట ఫలితం కనిపించింది. మన పక్కనే ఆల్వీసో దగ్గర పాత ఉప్పు మడులను మళ్ళీ చిత్తడి నేలలుగా మారుస్తున్నారు. మన పిల్లలు రాసే ఒక్క గీత కూడా ఆ లెక్కలో చేరుతుంది.

నడకలో పాటించవలసినవి

కేకలు వేయకూడదు, పిట్టలను తరమకూడదు. గూటి దగ్గరికి పోకూడదు. బాతులకు రొట్టెముక్కలు వేయకూడదు, అది వాటికి మంచి ఆహారం కాదు. ఫోనులో పక్షి కూతలు వినిపించి పిలవకూడదు. టోపీ, మంచినీళ్ళు, చలికోటు మరచిపోకూడదు. పులిహోర పొట్లం నడక అయ్యాకే విప్పాలి!

ఇంటిపని

1. పిల్లలూ! ఈ వారం ఒక పక్షిని చూసి, పైన చెప్పిన నాలుగు సంగతులూ తెలుగులో నాలుగు వాక్యాలుగా రాయండి.

2. తెలుగు పేరు లేని ఇక్కడి పక్షి ఒకదానికి పేరు పెట్టండి. ఎందుకా పేరు పెట్టారో చెప్పండి.

3. అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, వారి ఊళ్ళో పక్షులు మూడింటి పేర్లు అడిగి రాసుకోండి. వారు ఆ పక్షి కూతను అనుకరిస్తే మరీ మంచిది.

4. వచ్చే ఫిబ్రవరిలో, పెరటి లెక్క జరిగే నాలుగు రోజుల్లో, ఇక్కడ మీరు పదిహేను నిమిషాలు, అక్కడ వారు పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి బడికి తీసుకురండి.

5. పెద్దలకు: నెలకొక శనివారం ఉదయం పిల్లలకు ఇవ్వండి. ఇంటికి వచ్చిన పెద్దవారిని తప్పక తీసుకురండి. మాకు తెలియని పేర్లు వారి దగ్గర చాలా ఉన్నాయి.