గుమ్మము చూచి కారు కొనుము

మలికిపురము

చిరంజీవి మేనకోడలికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.  

నీ ఉత్తరము చేరినది. వచ్చే విద్యాసంవత్సరమునుండి పాలకొల్లు కళాశాలలో పాఠములు చెప్పుటకు నిశ్చయించుకొని, మన యూరిలోనే అమ్మ దగ్గరుండి, ప్రతిదినమును దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పోయి రావలెనని తలచినందుకు నేనెంతయు సంతోషించితిని. ఫోను నొక్కినంతనే వాకిటికి వచ్చి నిలుచు అద్దె కార్లు హైదరాబాదులో ఉన్నట్లు ఇచ్చట లేవు. ప్రక్క చక్రములు బిగించిన నీ స్కూటీయో, కార్తెల వానలలోను, జాతీయ రహదారిపై కొబ్బరి లారీల నడుమను నిన్ను నమ్మకముగా మోయగలది కాదు. కావున కారు కొనవలసినదే, దానిని నీవే నడుపవలసినదే. ఏ కారు కొనవలెనను ప్రశ్నకు మీ అన్న అప్పుడే జవాబు నిర్ణయించి, ఎత్తైన పెద్ద బండి యొకటి చూచి ఉంచెనని వ్రాసితివి. వాని ప్రేమను నేను శంకింపను. కాని ఆ బండిలో దినమునకు పలుమారులు ఎక్కవలసినదియు, దిగవలసినదియు నీవు.

కారు కొనువారు సాధారణముగా ఇంజనును, మైలేజిని, రంగును, లోపలి తెరను చూచి, తలుపును ఊరక తెరచి మూయుదురు. నీవు చూడవలసిన క్రమము దీనికి తలక్రిందులు. మొదట తలుపు, తరువాత సీటు, ఆ పిమ్మట చేతితో నడుపు అమరిక, కట్టకడపట ఇంజను. ఏలయన, బండి ఎంత హాయిగా పరుగెత్తినను, దానిలో కూర్చుండుటకు ఒకసారి, లేచుటకు ఒకసారి ఇతరుల చేయి అందుకొనవలసి వచ్చినచో, ఆ చేయి దొరకు వేళలకే నీ ప్రయాణములు కట్టుబడిపోవును. కళాశాలలో ప్రొద్దుపోయినను, రాజోలులో మందుల దుకాణము కడ ఆగవలసి వచ్చినను, ఎవరిని పిలుతునా అని నలుదిక్కులు చూడనక్కరలేని కారే నీ కారు. ఈ యుత్తరములో నేను వ్రాయబోవునదంతయు ఈ యొక్క మాటకు వివరణము.

కారు తలుపును ఇంటి గుమ్మమువలె పరీక్షింపుము. దానికి గడప కలదు, చూరు కలదు, ముంగిలియు కలదు. తలుపు తెరచినప్పుడు అడుగున అడ్డముగా కనబడు ఉక్కు పట్టీయే గడప. అది వెడల్పైన కొలదియు, లోపలి నేలకంటె ఎత్తైన కొలదియు నీ కుడికాలిని దాటించుట కష్టమగును. చూరు తక్కువైనచో తల వంచి, నడుము వంచి, ఒంటికాలిపై దూరవలసివచ్చును. డిజైర్ వంటి కారు సుమారు 1525 మిల్లీమీటర్ల ఎత్తుండగా, వాగన్‌ఆర్ 1675 మిల్లీమీటర్లున్నది. ఈ జానెడు కూడ లేని తేడా కాగితముపై స్వల్పముగా తోచును గాని, మెడకును నడుముకును చాల పెద్దది.

నీవు కారెక్కు తీరును ఒక్కమారు మనసులో నడిపించి చూచుకొనుము. మన దేశపు కార్లలో నడుపువారి తలుపు కుడివైపున ఉండును. పోలియో తగిలినదియు నీ కుడికాలే. కావున నీవు తలుపు తెరచి, వెనుదిరిగి, ముందుగా తుంటిని సీటుపై మోపి, బయటివైపు ముఖము పెట్టి కూర్చుందువు. ఆ కాలికి ఊతగా తొడిగిన క్యాలిపరుకు మోకాటి వద్దనున్న తాళము విడిపింతువు. నడుముతో ఎడమకు తిరుగుచు మొదట ఎడమకాలిని లోనికి తెచ్చుకొందువు. చివరకు కుడి తొడ క్రింద చేయి వేసి, బూటుతోను ఉక్కు కమ్ములతోను బరువెక్కిన ఆ కాలిని ఎత్తి గడప దాటింతువు. దిగునప్పుడు ఇదంతయు విపర్యయక్రమమున సాగును. కాని దిగుటయందు ఒక యవస్థ అధికము, కుడికాలిని చాచి తాళము పడువరకు నిలిచి, ఏదో యొకదానిని ఊతగా పట్టుకొని లేవవలెను. తలుపును పట్టుకొని లేచుట ప్రమాదకరము, అది కదలిపోవును. పిడి యొకటి ఉండవలెను. మన కార్లలో పెక్కింటికి ప్రక్క సీటువారికి పిడి యమర్చుదురు గాని, నడుపువారికి పెట్టరు. ఉన్న కారునే కోరుము. లేనిచో బిగించుటకు వీలున్నదేమో అడుగుము గాని, చూరు వెంబడి ఎయిర్‌బ్యాగులు దాగియున్న చోట ఎవరిచేతను రంధ్రములు వేయింపకుము.

సీటు ఎత్తు విషయములో మీ అన్నకును నాకును పేచీ. ఎత్తైన బండి గోతులకు జంకదు, నిజమే. కాని దాని సీటు అంచున కూర్చున్నప్పుడు నీ పాదము గాలిలో వ్రేలాడినచో, దిగుట దిగుట కాదు, దూకుటయే. మరీ లోతైన సీటులోనుండి పైకి లేచుటకు తొడలలో బలము కావలెను, నీకున్నది ఒక తొడ బలమే. పరీక్ష సులభము: సీటు అంచున కూర్చున్నప్పుడు ఎడమ పాదము మడమతో సహా నేలకు ఆనవలెను, అదే సమయమున మోకాలు తుంటికంటె పైకి లేవరాదు. నీవు ప్రతిదినమును తొడుగు బూటుతో, కట్టుకొను చీరతోనే ఈ పరీక్ష చేయుము. సీటును ఎత్తు తగ్గించు మీట నడుపువారివైపున ఉన్నదేమో చూడుము. సీటు ప్రక్కలు గట్టుల వలె పైకి లేచియున్న కార్లు కలవు. వాటిపై జారుట కష్టము. షోరూములో ఉచితముగా తొడుగుదుమను దళసరి రెగ్జిను కవర్లను వలదనుము. మన తీరపు ఉక్కలో అవి చెమటకు అంటుకొని, తిరుగవలసిన చోట నిన్ను తిరుగనీయవు.

ఇక ముంగిలి. షోరూములోని నున్నని చదును నేలపై ప్రతి తలుపును విధేయముగా నిలుచును. మన త్రోవలు అట్టివి కావు. కాలువగట్టుమీది రోడ్డు నడుమ ఉబ్బెత్తుగా, రెండంచులకు వాలుగా ఉండును. నీవు ఎడమ యంచున బండి ఆపినప్పుడు బండి ఎడమకు ఒరుగును, కుడి తలుపు మిట్టవైపు తెరచుకొనును. తెరచిన తలుపు తనంతట తానే వెనుకకు వచ్చి, అప్పుడే బయట పెట్టిన నీ కుడికాలిపై పడును. కావున తలుపు పూర్తిగా తెరచినచోట గట్టిగా నిలిచి యుండునట్టి కారును ఏరుకొనుము. షోరూమువారిని నమ్రతగా అడిగి, ఆ కారును మన శివకోడు దారిలో ఏ వాలు గట్టుననైనను ఆపించి, అక్కడ ఎక్కి దిగి చూడుము. టాటా పంచ్ తలుపులు 90 డిగ్రీలవరకు తెరచుకొనును, అది గొప్ప సౌకర్యము. దాని అడుగు నేలకు తగినంత ఎత్తున ఉండుటచేత గోతులకును భయములేదు. కాని అంత బారుగా తెరచిన తలుపును కూర్చున్న చోటినుండి లాగుకొనుటకు చేయి అందవలెను గదా. అందనిచో తలుపు పిడికి ఒక గట్టి నాడా కట్టించుకొన్న చాలును. చంకకర్రలను ఒంటి చేత్తో ప్రక్క సీటువైపునకు దాటించుటకు స్టీరింగునకును నీ ఒడికిని నడుమ చోటున్నదా అనియు చూడుము.

నా యెన్నికను అడిగితివి గనుక చెప్పుదును. మొదట వాగన్‌ఆర్‌ను, తరువాత పంచ్‌ను చూడుము. రెండింటిలో ఏది నీ తుంటికి సరిపడునో నీవే తేల్చవలెను. సీటు బయటికి తిరుగు అమరిక వాగన్‌ఆర్‌కు 2025 చివర వచ్చినదని వినియుందువు. అది ముందరి ప్రక్క సీటునకు ఏర్పరచినది, వృద్ధులను ఎక్కించి తీసికొనిపోవుటకు మేలైనది. నడుపు నీకు అది పనికిరాదు. అమ్మ కొరకు తరువాత ఆలోచింపవచ్చును.

గేర్ల విషయమున సందేహము లేదు, క్లచ్చి లేని ఆటోమేటిక్కే కావలెను. ఎడమకాలు మాత్రమే బలహీనమైనవారికి ఆటోమేటిక్కుతోనే పని తీరిపోవును. నీకు కుడికాలు గనుక దానిపై మరియొక యేర్పాటు కావలెను. అందు రెండు మార్గములు కలవు. బ్రేకునకు ఎడమవైపున రెండవ యాక్సిలరేటరు పెట్టించి ఎడమకాలితో నడుపుట యొకటి. స్టీరింగు క్రింద ఒక మీట అమర్చి, ముందుకు నెట్టినప్పుడు బ్రేకు, లాగినప్పుడు వేగము వచ్చునట్లు కడ్డీలతో పెడళ్లకు కలుపుట రెండవది. నేను రెండవ దానికే మొగ్గుదును. చిన్ననాటినుండి నీ శరీరభారమునంతయు మోసిన ఎడమకాలికి ఈ పని కూడ అప్పగించుట నాకు సమ్మతము కాదు. పోలియో సోకినవారిలో కొందరికి దశాబ్దముల పిమ్మట, అంతవరకు గట్టిగా నున్న కండరములే అలసి బలహీనపడుట వైద్యులు ఎరిగిన సంగతి. భుజములు కూడ చంకకర్రలను మోయుచున్నవే, కావున మీట తేలికగా కదలవలెను, పవరు స్టీరింగునకు ఒంటిచేత్తో త్రిప్పు గుబ్బ యుండవలెను. మీట పెట్టినను పాత పెడళ్లు పనిచేయుచునే యుండును గనుక అవసరమైనచో మీ అన్నయు ఆ కారు నడుపగలడు. కాని నీ కుడి పాదము జారి పెడలు క్రింద ఇరుకుకొనకుండ అడ్డుపలక యొకటి తప్పక వేయించుము. చించినాడ వంతెన ఎగువ వాలులో బండ్లు బారులు తీరినప్పుడు మీటను నెట్టి పట్టుకొని యుండుట చేతికి శ్రమ; వెనుకకు జారకుండ నిలుపు హిల్ హోల్డ్ ఉన్న కారే తీసికొనుము. చవుకగా దొరకు ఏ.ఎం.టి. గేరుపెట్టె ముందుకు కదలునప్పుడు కొంచెము కుదుపునిచ్చును, నడిపి చూచి గాని ఒప్పుకొనకుము. విద్యుత్తు కార్లలో ఈ కుదుపే యుండదు, యాక్సిలరేటరు వదలినంతనే వేగము తగ్గుటచేత బ్రేకుపని కూడ కొంత తప్పును. అయితే గాలివానకు రోజుల తరబడి కరెంటు పోవు మన ప్రాంతమున, ఇంట మరియొక బండి లేనివారికి నేను దానిని సిఫారసు చేయజాలను.

చేతితో కారు నడుపుట వింత యని ఎవరైన నీతో అన్నచో, అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టును జ్ఞాపకము చేయుము. 1921లో కాళ్లు చచ్చుబడిన ఆయన, చేతి మీటలు అమర్చిన 1936 నాటి ఫోర్డు కారును హైడ్ పార్కులోని తన తోటల త్రోవలలో స్వయముగా నడుపుకొనుచు తిరిగెను. ఆ కారు నేటికిని అక్కడి ప్రదర్శనశాలలో ఉన్నది. మన దేశము 2014 మార్చి 27న పోలియో రహితముగా ధ్రువీకరింపబడినది. ఆ వ్యాధి పోయినను అవసరము పోలేదు. కొబ్బరిచెట్టు దింపులో జారి వెన్నెముక విరిగినవారు, రోడ్డు ప్రమాదములలో కాళ్లు పోగొట్టుకొన్నవారు, మోకాళ్లరిగిన వృద్ధులు మన కోనసీమలో ఊరూరను కలరు. నీవు అడిగిన ప్రశ్న వారందరిదియును.

చట్టము సంగతి ఉపేక్షింపకుము. 1988 మోటారు వాహనముల చట్టము మొదట వికలాంగులకై ప్రత్యేకముగా నిర్మించిన బండినే గుర్తించెను గాని, మామూలు కారును మార్చుకొన్నదానిని గుర్తింపలేదు. 2019 సవరణతో ఆ చిక్కు తొలగినది: నీ కారును నీకనుకూలముగా మార్పించుకొని, తరువాత రిజిస్టరు చేయు అధికారి ఆమోదము పొందవచ్చును. అమలాపురము రవాణా కార్యాలయమునకు నీ వైకల్యమును తెలుపు సదరం ధ్రువపత్రముతో పోయి, ఆర్.సి.లో మార్పును నమోదు చేయించుము. 2020 అక్టోబరునుండి దరఖాస్తులోనే దివ్యాంగుల యాజమాన్యమని వ్రాయు గడి యొకటి ఏర్పడినది. జీవితపన్ను మినహాయింపు నీకు వర్తించునేమో అక్కడనే లిఖితపూర్వకముగా అడుగుము. లైసెన్సును కూడ ఈ అమరికతో నడుపుటకే తీసికొనుము. బీమా కంపెనీకి మార్పును ముందే తెలుపుము, లేనిచో ఆపద్వేళ వాదమునకు చోటగును. పన్ను విషయమున ఒక హెచ్చరిక: పూర్వము 18 శాతపు రాయితీ జి.ఎస్.టి. కొరకు కేంద్ర భారీ పరిశ్రమల శాఖ పత్రము తెచ్చుకొనవలసి యుండెడిది. 2025 సెప్టెంబరు 22 నుండి 4 మీటర్లు మించని పొడవు, 1200 సి.సి. మించని పెట్రోలు ఇంజను గల కార్లన్నింటికిని పన్ను 28 నుండి ఆ 18 శాతమునకే దిగినది. కావున నీవు చూచు చిన్న కారునకు ఆ పత్రము తెప్పింతునని ఎవరైన రుసుమడిగినచో ఇయ్యకుము.

చిట్టచివరి సంగతి మన ఇంటిది. పాత బండిసావిడి కారు పట్టునంతయే యున్నది, నీ తలుపు బారుగా తెరచుకొనదు. దానిని 12 అడుగుల వెడల్పునకు పెంచి, నీ వైపున నాలుగడుగుల సిమెంటు చపటా, గీరలు పెట్టి జారకుండునట్లు, పోయింపవలెనని మేస్త్రీతో మాటాడితిని. చపటా ఎత్తు కారును బట్టి యుండును గనుక, నీవు కారు నిశ్చయించువరకు పని మొదలు పెట్టవద్దంటిని. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరమును కలిసి పోయి చూతము. ఉదయము కాదు, సాయంకాలము, నీవు అలసియున్న వేళకే బయలుదేరుదము. నేను కారు ప్రక్కన నిలుతును, చేయి మాత్రము అందీయను. వచ్చునప్పుడు క్యాలిపరు, రెండు చంకకర్రలు, రోజూ తొడుగు బూట్లు మరువక తెచ్చుకొనుము. ఈ ఉత్తరము మీ అన్నకు చూపుము. వాని అభ్యంతరములేవైన నున్న నాకే నేరుగా వ్రాయుమనుము.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ మేనమామ